పుట్టి అమ్మిన శ్రావణము

సిరుగుప్ప ప్రాంతపు తెలుగువారికి పుట్టిని గూర్చి చెప్పనక్కరలేదు. కన్నడమున దీనిని హరిగోలందురు. ఆ మాట మన నిఘంటువులందును గలదు గనుక ఎవరి సొమ్మని వాదులాట వలదు. వెదురుబద్దలతో అల్లి, అడుగున తోలు కప్పిన ఈ గుండ్రని పడవలలో మనుష్యులేగాక గుర్రములు, ఎద్దులు సహితము ఆనెగొంది రేవున ఏరు దాటుచుండుటను 1520 ప్రాంతమున పోర్చుగీసువాడు డొమింగో పేస్ చూచి వ్రాసెను. నేడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టాయు తారును వచ్చినవి.

మా అన్నగారికి పుట్టియే ఇల్లు. మేము మెట్రిక్ చదివి గుమాస్తాపని చూచుకొంటిమి. ఆయన ఏటిగట్టున గుడిసె వేసికొని చేపలు పట్టుచుండిరి. వదినగారు పోయిన పిమ్మట గుడిసె పేరునకే మిగిలెను. వాన వచ్చినచో పుట్టిని బోర్లించి దానిక్రిందనే పండుకొనెడివారు. 2009 సెప్టెంబరు నెలాఖరు వానలకు తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలును ముంచిన ఆ వరదలో ఇచ్చటి పల్లములందు చిక్కిన ఇరుగుపొరుగువారిని ఆయనే మెరకకు చేర్చిరి. వెదురు చిరకాలము నిలువదు గనుక ఆనాటి పుట్టి ఇప్పుడు లేదు. తరువాత మరి రెండు మారినవి.

2024 నాగపంచమి మరునాడు, ఆగస్టు 10వ తేది రాత్రి, హోసపేట డ్యాము 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయెను. బరువు తగ్గించుటకై తక్కిన గేట్లనుగూడ ఎత్తి నీరు వదలిరి. గట్టువారు జాగ్రత్తపడవలెనని హెచ్చరికలు వచ్చెను. అన్నగారికి డెబ్బది దాటినవి, రాత్రివేళ చూపానదు. ఆదవానిలోని కొడుకు రమ్మనెను. అచ్చట ఏరు లేదని ఆయన పోనన్నారు. 1953లో ఆదవాని ఆంధ్రమునకు పోయి సిరుగుప్ప మైసూరున నిలిచినప్పుడు ఏరు మన పాలికి వచ్చినదని ఆయన వాదము!

పుట్టిని నెత్తిన పెట్టుకొని మెరకకు తేవచ్చును. కాని అది ఉన్నంతవరకు నీరు దిగిన మరునాడే ఆయన గట్టునకు పోవుదురు. కావున అమ్మవలెనని మేము పట్టుపట్టితిమి. హంపి దిక్కున యాత్రికులను త్రిప్పువాడొకడు వచ్చెను. వరదలో పుట్టి నడుపరాదని కట్టడి గదా! కొన్నవాడు దానిని ఊరక ఒడ్డున ఉంచుకొనవలసినదే.

"నీళ్లు దిగినాక అమ్మితే రెండింతలిస్తా పెద్దయ్యా. ఇప్పుడైతే ఇంతే," అని వాడు నిజమే చెప్పెను. అన్నగారు మా మొగము చూచిరి. సగము ధరకే ఇప్పించితిమి. తెడ్డు మాత్రము బేరములో చేర్చనీయలేదు.

తెలుగువాడైన కన్నయ్యనాయుడుగారి నేతృత్వమున, పారుచున్న నీటిలోనే ఇనుపపలకలు దించి, వారము దినములలో ఆ సందును పూడ్చిరి. ఎంతటి పని! మేము మెచ్చుకొనుచు పత్రిక చదువుచుండగా అన్నగారు, "ఏరు రాకపాయె గదరా అబ్బయా," అనిరి. మాకు మాట తోచలేదు.

ఇప్పుడాయన మా ముందుగదిలో మంచముపై పండుకొందురు. వాన చప్పుడైనచో లేచి కూర్చుందురు. 2025లో గేట్లు బలహీనములని తేలి, డ్యాములో 80 టి.ఎం.సీ.లకు మించి నిలుపరాదని నిర్ణయించిరి. ఆ వార్త చదివి వినిపింపగా, హంపివాడు పుట్టిని తిరిగి అమ్మునేమో కనుగొనుమనిరి. మేమింకను కనుగొనలేదు.