ప్రక్షిప్తమా, వ్యాఖ్యానమా?

మా అబ్బాయి టెక్సాసులో 1970 నాటి షెవ్రొలే సి-10 పికప్ ట్రక్కును ముచ్చటపడి కొన్నాడు. దానికి ఏసీ లేదు. అక్కడి ఆగస్టు ఎండలో ఆ బండి సాక్షాత్తు కుంపటి. అయినా ఏసీ బిగిస్తానంటే నేను ఒప్పుకోలేదు. ప్రాచీన కావ్యాల్లో సొంత పద్యాలు చొప్పించినవారి మీద నాకున్న ఆగ్రహం మీరెరిగినదే.

ఏసీ చలువను సృష్టించదు. లోపలి వేడిని బయటికి మోసుకుపోతుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు వాయువును అదుముతుంది. రేడియేటరు ముందున్న కండెన్సరులో అది వేడిని విడిచి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు కింది ఇవాపరేటరులో మళ్ళీ ఆవిరవుతూ గాలిలోని వేడిని హరిస్తుంది. చిక్కంతా రేడియేటరుది. తన భారానికి తోడు, ఎదుటి కండెన్సరు వదిలిన వడగాలి కూడా దానికే తగులుతుంది. అందుకే మొదట పెద్ద రేడియేటరు తెచ్చాడు. పూర్వపు ఆర్-12 వాయువు ఓజోను పొరకు చేటని అమెరికాలో 1995తో దాని తయారీ నిలిచింది. ఇందులో నింపేది ఆర్-134ఎ.

“నాన్నగారూ, అసలు భాగాలను కోయను. రేపు విప్పేస్తే ఎప్పటి బండి అప్పటిలాగే ఉంటుంది” అన్నాడు. అట్లయితే అది ప్రక్షిప్తం కాదు, వ్యాఖ్యానం. సరేనన్నాను.

గొట్టాల కోసం ఇంజను వెనుక రేకులో ఒక్క రంధ్రం మాత్రం తప్పలేదు. తొలిచిన ఆ రేకుబిళ్ళను వాడు పారవేయలేదు, డాష్‌బోర్డు అరలో భద్రపరిచాడు. నేనైతే పాఠాంతరమని అధస్సూచిక కూడా వ్రాసేవాణ్ణి.