పోస్టర్ మీద పేరు లేని వైన్లు

'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' (1991) చూసే ఉంటారు. ఆంథొనీ హాప్కిన్స్ వేసిన ఆ నరరూప రాక్షసుడు తన భోజనంలోకి తాగానని చెప్పే వైన్ కియాంటీ. నవలలో మాత్రం అది అమరోనే! కియాంటీ అయితే ఆఖరి బెంచీవాడికీ తెలుసని మార్చి ఉంటారని నా ఊహ. పేరుకి అంత విలువ మరి. ఆ విలువంతా సీసా ధరలో కలిపి మన దగ్గరే వసూలు చేస్తారు.

మిలాన్‌లో చదువుకునే రోజుల్లో ఈ లెక్క నాకు బాగా పనికొచ్చింది. నాతో చదివే అమ్మాయి ఆదివారం వాళ్ళింటికి భోజనానికి పిలిచింది. ఉత్త చేతుల్తో వెళితే ఏం బాగుంటుంది? జేబులో చూస్తే 10 యూరోలు. నెలాఖరు దాకా అవే! షాపులో బరోలో సీసా 40 దగ్గర కూర్చుంది. హీరోగారి పారితోషికమన్నమాట.

"ఊరి పేరు చూడకు బాబూ, ద్రాక్ష పేరు చూడు" అన్నాడు షాపులో పెద్దాయన. బరోలోకి వాడేది నెబ్బియోలో ద్రాక్ష. 38 నెలలు నిలవ ఉంచితేగాని అమ్మకూడదు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. ఆ పీపాల అద్దె కట్టేది మనమే! అదే ద్రాక్షతో చేసి తొందరగా బయటికొచ్చే 'లాంగే నెబ్బియోలో' అందులో సగం ధరకే దొరుకుతుంది. బ్రునెల్లో దీ మోంటల్చీనోకి కూడా 'రోస్సో' అని ఒక తమ్ముడున్నాడు. అదే ఊరు, అదే సాంజొవేజె ద్రాక్ష. నిరీక్షణే తక్కువ.

అన్నట్టు, ఇందులో ఒక డబుల్ యాక్షన్ ఉంది. మోంటెపుల్చానో అనేది టస్కనీలో ఒక ఊరు. అదే పేరుతో వేరే ద్రాక్షా ఉంది! ఊరి తాలూకు 'వీనో నోబిలే' ఖరీదైనది, అందులో ఎక్కువ పాలు సాంజొవేజెదే. ద్రాక్ష తాలూకు 'మోంటెపుల్చానో దబ్రుట్సో' 6, 7 యూరోలకే వస్తుంది. చిక్కటి రంగు, నిండైన రుచి. నా ఓటు దీనికే.

సీసా మెడ మీద డి.ఓ.సి.జి. పట్టీ ఉంటే చాలంటారు కొందరు. సెన్సారు సర్టిఫికెట్టున్న ప్రతి సినిమా హిట్టవుతుందా? తిన్యానెల్లో 1971 పంట నిబంధనలకి లొంగక మామూలు 'భోజనాల వైన్'గానే బజారుకొచ్చింది. ఇవాళ ఆ పేరున్న సీసా కొనాలంటే 100 యూరోలు దాటాల్సిందే!

చివరికి నేను 9 యూరోలకి 'బార్బెరా దాస్తీ' తీసుకున్నాను. పులుపెక్కువ, వగరు తక్కువ. వాళ్ళమ్మగారు చేసిన టొమాటో లజాన్యాకి అతికినట్టు సరిపోయింది. నాన్నగారు లేబుల్ చూసి తలూపి, తను తీసిపెట్టుకున్న సీసాని మళ్ళీ అలమారలో పెట్టేశారు. సగం పరీక్ష అక్కడే పాసయ్యాను!

మన కోడికూరలోకీ బార్బెరాయే మేలు. వగరు వైన్లు కారాన్ని మరింత మండిస్తాయి. (వయసొచ్చినవాళ్ళకే సుమా ఈ కబురు!) తాగేముందు ఓ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.