డెబ్బై లీటర్ల గాలి

బేస్ గిటార్‌కు పొట్ట ఉండదు. వీణకు కుండ ఉంది, మామూలు గిటార్‌కు బోలు పెట్టె ఉంది. దీనికున్నది గట్టి చెక్క పలక, నాలుగు లావుపాటి తీగలు, అయస్కాంతాల చుట్టూ చుట్టిన సన్నని రాగితీగ. కరెంటు లేకుండా మీటితే పక్క గదిలో వాళ్ళకు కూడా వినపడదు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను బజారుకు తెచ్చాడు. మరుసటి ఏడాదే దాని కోసం బేస్‌మ్యాన్ అనే ఆంప్లిఫయర్ కూడా తేవాల్సి వచ్చింది. అంటే ఈ వాద్యం రెండు ముక్కలుగా పుట్టింది. ఒకటి మెడలో వేలాడుతుంది, రెండోది నేలమీద కూర్చుంటుంది. మనవాళ్ళు మొదటి ముక్కను అప్పు చేసైనా కొంటారు. రెండోదాని దగ్గరికొచ్చేసరికి చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో ఖాళీగా ఉన్న ఏదో ఒక స్పీకర్ బాక్సుకు వైరు తగిలించి, బేస్ రావట్లేదంటూ నాబ్‌లు తిప్పుతూ కూచుంటారు.

ఆ రెండో ముక్కను మనమే చేసుకోవచ్చు. డబ్బు మిగులుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. మంచి స్పీకర్, మంచి ప్లైవుడ్, రెక్సిన్, మూలలకు ఇనప కార్నర్లు, మేస్త్రి కూలి అన్నీ కలిపితే సెకండ్‌హ్యాండ్‌లో దొరికే కంపెనీ బాక్సు ధరకు అటూ ఇటూగా తేలుతుంది. లాభం వేరే చోట ఉంది.

అసలు పెట్టె ఎందుకో ముందు చూద్దాం. బేస్ గిటార్ మీద అన్నిటికన్నా కింది తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ అల పొడవు 27 అడుగులు. స్పీకర్ కోన్ ముందుకొచ్చినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. అంత పొడుగు అలకు పన్నెండంగుళాల కోన్ ఒక అడ్డే కాదు. ముందుదీ వెనకదీ అంచు చుట్టూ తిరిగి కలుసుకుని ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కొత్త స్పీకర్‌ను ఉత్తగా బల్లమీద పెట్టి వాయిస్తే పీలగా పలికేది అందుకే. ఆ రెంటినీ విడదీయడమే పెట్టె మొదటి పని.

పూర్తిగా మూసేసి విడదీయవచ్చు. లేదా ఒక గొట్టం పెట్టి వెనక అలను కూడా పనిలోకి దించవచ్చు. ఘటం వాయించేవాళ్ళు కుండ మూతిని పొట్టకు ఆనించి, మళ్ళీ ఎడం చేసి వాయిస్తుంటే ఆ గుమ్మనే మంద్రం మారిపోతూ ఉంటుంది, చూసే ఉంటారు. కుండలోని గాలి స్ప్రింగులా పనిచేస్తుంది, మూతి దగ్గరి గాలి ఆ స్ప్రింగు ఊపే బరువు. దీని లెక్క తేల్చిన జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దం వాడు. అయినా ఫలానా స్పీకర్‌కు ఎంత పెట్టె, ఎంత గొట్టం అన్నది చాలాకాలం చేసి చూసి తేల్చుకునే వ్యవహారంగానే నడిచింది. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ దాన్ని సమీకరణాల్లో పెట్టాడు. ఆ వ్యాసం ప్రపంచం కళ్ళబడింది మాత్రం 1971లో, అమెరికాలో మళ్ళీ అచ్చయ్యాక. సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. ఇవాళ స్పీకర్‌తో వచ్చే కాగితం మీద ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని కనిపించే అంకెలు వీళ్ళిద్దరి చలవే. విన్ ఐఎస్‌డి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఎక్కిస్తే, రంపం ముట్టకముందే పెట్టె ఎలా పలుకుతుందో గీత గీసి చూపిస్తుంది.

ఆ కాగితమే మన బజార్లో దొరకదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో స్పీకర్ అడగండి, ముందు వాట్లు చెబుతారు. వాట్లు చివర్న అడగాల్సిన సంగతి. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత మోగుతుందన్నది మొదట అడగాలి. "బేస్‌కే కదా సార్" అని కారు వూఫర్ అంటగట్టబోతారు. అది 87 డెసిబెళ్ళ దగ్గర ఆగితే, సంగీతం కోసం చేసిన పన్నెండంగుళాల స్పీకర్ 97 పలుకుతుంది. ఆ పది డెసిబెళ్ళ తేడా పూడ్చాలంటే పదింతల కరెంటు పొయ్యాలి. అంత ఆంప్లిఫయర్ కొనే స్తోమత ఉన్నవాడు పెట్టె చేసుకోవడానికి ఎందుకొస్తాడు?

ఇక్కడే హాఫ్‌మన్ గుర్తుకొస్తాడు. కేఎల్ఎచ్ అనే అమెరికన్ స్పీకర్ కంపెనీ పేరులో చివరి అక్షరం ఆయనది. ఆయన పేరు మీద ఒక ఇనప సూత్రం చలామణిలో ఉంది. పెట్టె చిన్నగా ఉండాలి, మంద్రం లోతుకు దిగాలి, తక్కువ కరెంటుతో గట్టిగా మోగాలి. ఈ మూడింట్లో ఏ రెండైనా కోరుకో, మూడోది వదులుకో. భౌతికశాస్త్రంతో బేరాల్లేవు. కంపెనీ బాక్సు కొంటే మూడోది ఏదో కంపెనీవాడు తేల్చేసి ఉంటాడు, మనకు చెప్పడు కూడా. మనమే చేసుకుంటే ఏది వదులుకోవాలో మన హాలును బట్టి, మన నడుమును బట్టి మనం తేల్చుకుంటాం. నేను ఇందాక లాభం అన్నది ఇదే.

ఏది వదులుకోవాలన్న దగ్గర చాలామంది లోతును గట్టిగా పట్టుకుంటారు. 41 దాకా దిగకపోతే అది బేస్ పెట్టే కాదంటారు. నేనొప్పుకోను. 1969లో ఆంపెగ్ తెచ్చిన ఎస్‌వీటీ సంగతే చూడండి: 300 వాట్ల వాల్వ్ ఆంప్లిఫయర్, దాని కింద ఎనిమిది పదంగుళాల స్పీకర్లున్న మూసిన పెట్టె. ఫ్రిజ్ అని ముద్దుపేరు. ఇప్పటి మోడల్ బరువు 64 కిలోలకు దగ్గర. రాక్ బేస్ అంటే ఇదే అనిపించుకున్న ఈ పెట్టె 58 దగ్గరే తగ్గడం మొదలుపెడుతుంది, 40కి వచ్చేసరికి పది డెసిబెళ్ళు పడిపోతుంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కింది తీగ మీటినప్పుడు 41తో పాటు 82, 123 కూడా పలుకుతాయి. వాటిని పట్టుకుని అడుగున ఉండాల్సినదాన్ని చెవే ఊహించుకుంటుంది. సికింద్రాబాద్‌లో నేను వాయించే చర్చి లాంటి హాళ్ళలో మరీ లోతైన మంద్రం వదిలితే గుయ్యిమనే మోతే తప్ప స్వరం తెలియదు. అందుకని నేను లోతునే కొంచెం వదులుకున్నాను. పన్నెండంగుళాల స్పీకర్, డెబ్బై లీటర్లు, 45 దగ్గర శ్రుతి.

డెబ్బై లీటర్లంటే లోపలి కొలత 40, 55, 36 సెంటీమీటర్లు. గుణిస్తే 79 వస్తుంది. గొట్టాలు, అడ్డబద్దలు, స్పీకర్ వెనక భాగం తినేసేది పోను మిగిలేది డెబ్బై. 45 శ్రుతికి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు రెండు, ఒక్కోటి 26 సెంటీమీటర్లు. పొడుగు తగ్గిస్తే శ్రుతి పైకి పోతుంది, పెంచితే దిగుతుంది. చెక్క 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్. ఎనిమిది బై నాలుగు షీటులో రెండు పెట్టెలు తెగుతాయి. ఎండీఎఫ్ చౌక, కోతకు సుఖం. కానీ మూల ఒక్కసారి మెట్టుకు తగిలితే పొడి రాలుతుంది, స్క్రూ రెండోసారి పట్టదు. ఇంట్లో టీవీ పక్కన పెట్టుకునే స్పీకర్లకు సరే, ఆటోలో ఎక్కి దిగే పెట్టెకు కాదు.

మా మేస్త్రి అల్మారాలు చేసే మనిషి. చీమ దూరడానికి కూడా సందు ఉండొద్దన్నానని ప్రతి అతుకుకూ ఫెవికాల్ పట్టించి, బిగించి, లోపలి మూలలకు బద్దెలు కొట్టి, వేలితో తడిమి చూసి మురిసిపోయాడు. అప్పుడు ముందు పలక మీద గొట్టాలకు గుండ్రాలు గీశాను.

"గాలి పోవద్దని మీరే అంటిరి గద సార్, మళ్ల ఈ బొక్కలెందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. గొట్టం గుండా పోయే గాలికి లెక్క ఉంది, సందులోంచి పోయేదానికి లేదు; అది బుసకొడుతుంది, పైగా శ్రుతి చెడగొడుతుంది. ఈ జవాబు ఆయనకు పెద్దగా నచ్చినట్టు లేదు. పన్నెండంగుళాల స్పీకర్‌కు కన్నం పదకొండే చాలన్నప్పుడు కూడా ఇలాగే చూశాడు. అడ్డబద్ద సంగతి మాత్రం చెప్పక్కర్లేకుండా పోయింది. పక్క పలకను వేలి కణుపుతో కొడితే డబ్ అంది. ఎదురెదురు పలకల నడుమ బద్ద బిగించి కొడితే టక్ అంది. ఇక ఆయనే ఎక్కడ డబ్ అంటే అక్కడ బద్ద కొట్టుకుంటూ పోయాడు. పలక అదిరితే స్పీకర్ పని పలక తినేస్తుందని నేను రాసి చూపించే లెక్కకన్నా ఆయన చెవే నయం. స్పీకర్ బిగించేటప్పుడు ఒక్కటే జాగ్రత్త: అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను లాగేసుకుంటుంది, జారితే కాగితపు కోన్‌కు చిల్లే. కోన్ మీద అట్టముక్క కప్పి బిగించాలి.

రెక్సిన్ వెయ్యకముందే పరీక్ష చెయ్యాలి, దోషం ఉంటే విప్పుకోవచ్చు. ఫోన్లో ఒకే స్వరం పలికే యాప్ పెట్టి, ఆంప్లిఫయర్ చిన్నగా ఉంచి, 80 నుంచి మెల్లగా కిందికి దించాను. కోన్ ఊపు పెరగాల్సింది పోయి తగ్గుతూ వచ్చింది. 45 దగ్గర దాదాపు నిలిచిపోయింది. గొట్టం ముందు అరచెయ్యి పెడితే మాత్రం గాలి కొడుతోంది. అక్కడ శబ్దమంతా గొట్టానిదే. అంకె దాటి ఇంకా దిగితే కోన్‌కు పట్టు పోతుంది, పిచ్చిగా ఊగుతుంది. అక్కడ ఎక్కువ కరెంటు ఇస్తే స్పీకర్ పోతుంది.

మళ్ళీ పైకి వస్తుంటే 60 దగ్గర గరగరమని అదురు మొదలైంది. మేస్త్రి పెట్టె చుట్టూ చెయ్యి వేసి చూశాడు, వెనక పలక నొక్కాడు, సాకెట్ పట్టుకున్నాడు, ఆగలేదు. లేచి వెళ్ళి దుకాణం షట్టర్ మీద చెయ్యి పెట్టాడు, ఆగింది.

"దీనికి గూడ ఒక అడ్డబద్ద కొట్టాలె సార్," అన్నాడు.