వేషం – వివేకం

అపరాధ పరిశోధకుడనగానే గంభీరమైన రూపం మనసులో మెదలుతుంది. 1985లో దూరదర్శన్‌లో ప్రసారమైన ‘కరంచంద్’ ఈ ఊహను తలకిందులు చేసింది. పంకజ్ కపూర్ ధరించిన ఆ పాత్ర క్యారెట్ నములుతూ నేరాలను ఛేదించేది. అమెరికా ధారావాహికలోని కొలంబో నలిగిన కోటుతో, అమాయకపు ప్రశ్నలతో కనిపించేవాడు. సంపన్నులైన నేరస్థులు అతనిని చులకన చేసేవారు. ఆ అహంకారమే వారిని పట్టించేది.

సిరిసిల్ల మరమగ్గాల వద్ద నేత కార్మికుడు తెగిన పోగును ఇట్టే గుర్తిస్తాడు. జగిత్యాల, కోరుట్లలలో బీడీలు చుట్టే స్త్రీలు తునికాకులోని చిన్న చిల్లును సైతం కనిపెడతారు. వారి దుస్తులను చూసి ఆ సూక్ష్మదృష్టిని అంచనా కట్టగలమా? వేషాన్ని బట్టి మనిషిని తూచే సమాజంలో నిర్దోషి శిక్షకు గురికావచ్చు, దోషి గౌరవం పొందవచ్చు. అందుకే ఈ వింత పరిశోధకులు ఆదరణీయులు. వారు నేరస్థునితో పాటు మన తొందరపాటు తీర్పును కూడా పట్టి ఇస్తారు.