భుజం వెనక చూపు: ఖమ్మం నుంచి గోదావరి అవతలి అడవి దాకా

ఆడుతున్న మనిషిని మరొకరు చూస్తూ ఉంటే ఆ ఆట మెరుగుపడుతుందా, చెడుతుందా అన్న ప్రశ్న మనస్తత్వశాస్త్రంలో నూట పాతికేళ్లకు పైబడినదే అయినా, ఆట అరచేతి ఫోనులోకి వచ్చి, చూసేవారు పక్కనే కూర్చున్న మేనబావలు కావచ్చు, ముఖం ఎరుగని వందలాది మంది కావచ్చు అన్న స్థితి ఏర్పడిన తరువాత ఆ ప్రశ్నకు కొత్త పదును వచ్చింది. ఖమ్మం పట్టణం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాకల మీదుగా భద్రాచలానికి, అక్కడి నుంచి దుమ్ముగూడెం వైపు అడవి అంచు గూడేలకు వేసవి తొలినాళ్లలో సాగిన ఈ పర్యటన ఆ ప్రశ్నను వెంటపెట్టుకొని వెళ్లినది. పట్టణంలో ఎవరి ఫోను వారిదిగా ఉండే చోటికీ, గూడెంలో ఒక ఫోను చుట్టూ ఐదారు తలలు వంగి ఉండే చోటికీ మధ్య దూరం ఒక పూట ప్రయాణం మాత్రమే కనుక, చూపు ఆటను ఎలా మారుస్తుందో పోల్చి తెలుసుకోవడానికి ఇంతకంటే అనువైన దారి తెలుగునాట అరుదు.

ఖమ్మంలో లకారం చెరువు కట్ట మీద సాయంత్రం వేళ కనిపించే జట్లలో ఎక్కువమంది ఆడేది బీజీఎంఐ. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఉండగా, దాని స్థానంలో 2021 జూలైలో భారతదేశం కోసం వచ్చిన రూపం ఇది. సుమారు వంద మంది ఆటగాళ్లు విమానం నుంచి ఒక దీవి మీదికి దూకి, ఆయుధాలు ఏరుకొని, ఒకరినొకరు వేటాడుకుంటూ చివరికి ఒక్కరు లేదా ఒక్క జట్టు మిగిలేదాకా సాగే పోరాటమిది; నలుగురు కలిసి ఆడితే ఆ జట్టును స్క్వాడ్ అంటారు. చనిపోయిన ఆటగాడు వెంటనే వెళ్లిపోనవసరం లేదు, బతికి ఉన్న సహచరుడి తెరను తన ఫోనులో చూస్తూ ఉండవచ్చు. దీనినే స్పెక్టేట్ చేయడం అంటారు. ఈ తరహా ఆటల్లో ఎందరు చూస్తున్నారో చెప్పే చిన్న కన్ను బొమ్మ, దాని పక్కన ఒక అంకె తెర మూలన కనిపిస్తాయి. జట్టులో ముగ్గురు చనిపోయి ఒక్కడు మిగిలినప్పుడు ఆ ఒక్కడు గెలిపించి తీరవలసిన ఘట్టాన్ని కుర్రవాళ్లు క్లచ్ అంటారు. కట్ట మీద ఆ ఘట్టం వచ్చిన ప్రతిసారీ ముగ్గురి గొంతులూ ఒక్కసారి లేచేవి: కుడి పక్క చెట్టు చాటున ఉన్నాడన్నా, కిందికి దిగన్నా, దిగొద్దన్నా. "చచ్చినోడికే అన్నీ కనపడతాయి" అని అక్కడి యువకుడొకడు విసుగ్గా అన్న మాటలో పెద్ద సత్యం ఉంది. చూసేవాడి మీద ఒత్తిడి లేదు కనుక వాడి చూపు విశాలం, ఆడేవాడి చూపు ఆ క్షణాన సూది బెజ్జమంత.

ఆ సూది బెజ్జానికి శాస్త్రం చెప్పే కారణం తెలుసుకోవాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 1898లో అమెరికాకు చెందిన నార్మన్ ట్రిప్లెట్, ఒంటరిగా తొక్కేవారికంటే పోటీలో తొక్కే సైకిలు పందెగాళ్లు వేగంగా పోతారని గమనించి, పిల్లల చేత గాలపు చక్రాలు తిప్పించి ఆ తేడాను పరీక్షించాడు. అయితే పక్కన మనుషులున్నప్పుడు కొన్ని పనులు చెడిపోతాయని తరువాతి పరిశోధనలు చూపించడంతో అర్ధశతాబ్దానికి పైగా ఈ చిక్కు విడలేదు. దానిని 1965లో రాబర్ట్ జయాంక్ విడదీశాడు. ఇతరుల ఉనికి ఒంటిలో ఉద్రేకాన్ని పెంచుతుందని, ఆ ఉద్రేకం మనిషిలోని ప్రబల ప్రతిస్పందనను, అంటే అలవాటు కొద్దీ అన్నిటికంటే ముందు బయటికి వచ్చే చేతను, మరింత బలంగా ముందుకు తోస్తుందని అతని వాదం. బాగా సాధన చేసినవాడికి ఆ ముందు వచ్చే చేత సరైనదే కనుక ఆట మెరుగవుతుంది, కొత్తవాడికి అది తప్పుడు చేత కనుక ఆట చెడుతుంది. 1969లో అతని బృందం ఈ పరీక్షను బొద్దింకల మీద సైతం చేసింది: వెలుతురు నుంచి పారిపోయే బొద్దింక తిన్నని దారిలో ఉన్నప్పుడు, పక్కన పారదర్శకమైన పెట్టెల్లో ఇతర బొద్దింకలు ఉంటే మరింత వేగంగా పరుగెత్తింది, మలుపు తిరగవలసిన దారిలో ఉన్నప్పుడు అదే ప్రేక్షక సమూహం వల్ల ఆలస్యమయింది. మనుషుల విషయానికి వస్తే, 1982లో ఒక బిలియర్డ్స్ గదిలో జరిగిన పరిశీలన ఈ మాటకు కళ్లు చెదిరే అంకెలు ఇచ్చింది. నలుగురు వచ్చి బల్ల దగ్గర నిలబడి చూడగానే మంచి ఆటగాళ్ల గురి 71 శాతం నుంచి 80 శాతానికి పెరగగా, ఆట అంతగా రానివారి గురి 36 శాతం నుంచి 25 శాతానికి పడిపోయింది.

కొత్తగూడెం సింగరేణి కాలనీలలో, పాల్వంచలో, కాగితపు మిల్లు ఉన్న సారపాకలో కనిపించినది దాదాపు ఖమ్మం దృశ్యమే. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కి భద్రాచలంలో దిగాక మాత్రం మరొక రకం కన్ను గురించి చెప్పుకోవలసి ఉంది. 2014లో ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో, భద్రాచలం పట్టణం శివారు దాటితే రాష్ట్రం మారిపోతుంది. రెండు రాష్ట్రాలకూ వారసత్వంగా వచ్చినది 1974 నాటి గేమింగ్ చట్టమే. దానిని తెలంగాణ 2017లో సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను నిషేధించగా, ఆంధ్రప్రదేశ్ అదే పని 2020లో చేసింది. ఈ నడుమ మూడేళ్ల పాటు, ఒకే ఫోను, ఒకే మనిషి, ఒకే పేకాట భద్రాచలంలో నేరమై, నడిచిపోగల దూరంలోని ఎటపాకలో నేరం కాకుండా పోయాయి. ఆడేవాడు ఎక్కడ కూర్చున్నాడో ఫోనులోని స్థాననిర్దేశం ద్వారా పసిగట్టి యాప్ తలుపు తీసేది, మూసేది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పందెం లేని పోటీ ఆటలను, క్రీడగా గుర్తించడంతో, ఈ రెండు ఊళ్ల మధ్య 2020లోనే చెరిగిన ఆ సరిహద్దు దేశమంతటా చెరిగిపోయింది. ఇక్కడ గమనించదగినది ఒకటే: మనిషి కన్ను భుజం వెనక నిలబడితే వేలు వణుకుతుంది, యంత్రం కన్ను ఎంతసేపు చూసినా ఎవరి వేలూ వణకలేదు. 1968లో కాట్రెల్ బృందం జరిపిన ప్రయోగం దీనికి సమాధానం చెబుతుంది. చూసేవారి కళ్లకు గంతలు కట్టి పక్కన నిలబెట్టినప్పుడు వారి ఉనికి పనిని మార్చలేదు. అంటే పని చేసేది కేవలం ఉనికి కాదు, వీరు తనను తూకం వేస్తున్నారన్న ఎరుక.

దుమ్ముగూడెం దారిలోని గూడేలలో ఈ ఎరుక పట్టణంలో కంటే చాలా చిక్కగా ఉంటుంది. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం తొలి దశలో దేశవ్యాప్తంగా నెలకొల్పిన 2,343 సెల్ టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చాలని కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో నిర్ణయించిన తరువాత కూడా, అడవి లోపల సిగ్నల్ గూడెమంతటా సమానంగా అందదు. ఎక్కడ అందుతుందో ఆ మిట్ట మీద, ఆ ఇప్పచెట్టు కింద కుర్రవాళ్లు చేరతారు. తెల్లవారకముందే తునికాకు కోసి, మధ్యాహ్నానికి యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లంలో అప్పగించి వచ్చాక దొరికే విరామం అది. ఫోను ఒకటి, ఆడేవాడు ఒకడు, చూసేవారు ఐదారుగురు. చేయి మారేది చనిపోయినప్పుడే కనుక, చూసేవారందరూ ఆడేవాడి చావు కోసం ఎదురుచూసేవారే. ఆటగాడి మీద అంతర్జాలంలోని వందమంది ప్రేక్షకులకంటే ఈ ఐదుగురి బరువు ఎక్కువ. ఇది తెలుగు పల్లెకు కొత్త సంగతి కాదు. రచ్చబండ మీద, గుడి మండపం నేల మీద గీతలు గీసి ఆడే పులిజూదంలో, కొద్దిపాటి పులులు అనేక మేకలను తినాలని, మేకలు పులులను కదలనీయకుండా కట్టివేయాలని ప్రయత్నించే ఆ ఆటలో, ఎత్తు చెప్పే పక్కవాళ్లు ఎప్పుడూ ఉండేవారు. ఆడేవాడు ఓడితే నవ్వు వాడికి, గెలిస్తే పేరు ఎత్తు చెప్పినవాడికి దక్కేది. ఫోను ఆ రచ్చబండనే అడవిలోకి తెచ్చింది.

ఆ మిట్ట మీద రెండు సాయంత్రాల పాటు గమనించినప్పుడు, జయాంక్ మాట అక్షరాలా నిజమని తోచింది. ఏడాదిగా ఆడుతున్న పెద్దవాడు, చుట్టూ జనం పెరిగే కొద్దీ తనకు అలవాటైన తుపాకీనే ఎంచుకొని, తెలిసిన ఇంట్లోనే దాగి, తెలిసిన కిటికీలోంచే కాల్చి మెప్పు పొందాడు. కొత్త తుపాకీ పట్టమని పక్కవాళ్లు ఎంత చెప్పినా పట్టలేదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఇదే ఆటను మరుసటి ఉదయం ఒంటరిగా చాలా నిదానంగా, మంచి తెలివితో ఆడాడు గాని, సాయంత్రం గుంపులో రెండు నిమిషాలు నిలవలేకపోయాడు. చూపు నేర్చినవాడిని నిలబెడుతుంది గాని వాడిని నేర్చిన చోటనే కట్టివేస్తుంది, నేర్వనివాడిని నేర్చుకోనివ్వదు. ఈ రెండవ నష్టం పెద్దదని ఈ పర్యటన అభిప్రాయం. చాటు దొరకని పిల్లవాడికి తప్పు చేసే స్వేచ్ఛ దొరకదు, గూడెంలో చాటు అన్నిటికంటే అరుదైన వస్తువు. ఆడపిల్లల స్థితి మరింత కఠినం. ఆడగలిగినవారు సైతం మైకు మూసి, మగపేరు పెట్టుకొని ఆడుతున్నారు, ఎందుకంటే గొంతు వినగానే అవతలివారి తూకం ఆట మీది నుంచి మనిషి మీదికి మళ్లుతుంది.

అయితే చూపును సాధనతో జయించిన విద్య తెలుగువారి దగ్గరే ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చొని, ఒకరు అక్షరాన్ని నిషేధిస్తూ, ఒకరు గంట కొడుతూ, ఒకరు సందర్భం లేని ప్రసంగంతో దారి మళ్లిస్తూ ఉండగా అవధాని పద్యం చెబుతాడు. పూర్వపు అవధానాలలో చదరంగం ఆడటం కూడా ఒక అంశంగా ఉండేది. అక్కడ చూపు, అల్లరి అడ్డంకులు కావు, విద్యలోని భాగాలే. ఏళ్ల తరబడి చాటున సాధన చేసిన తరువాతనే అవధాని సభకు వస్తాడు. ఆ చదరంగమే తెర మీదికి వచ్చిన కాలంలో, 2020 ఆగస్టులో జరిగిన ఫిడే ఆన్‌లైన్ ఒలింపియాడ్‌లో ఆటగాళ్లు మోసం చేయకుండా కెమెరాలు వారిని కనిపెట్టి ఉండగా, పోలండ్‌తో సెమీఫైనల్ తేల్చవలసిన ఆఖరి ఆటను కోనేరు హంపి గెలిచి భారత్‌ను ఫైనల్‌కు చేర్చింది. ఆ ఆటను ఆర్మగెడాన్ అంటారు. తెల్లపావుల వారికి సమయం ఎక్కువ, నల్లపావుల వారికి డ్రా అయినా గెలుపే. ఫైనల్‌లో ఇద్దరు భారత ఆటగాళ్లకు ఇంటర్నెట్ తెగిపోయి సమయం మించిపోవడంతో చివరికి భారత్, రష్యాలకు ఉమ్మడిగా స్వర్ణం ఇచ్చారు. సిగ్నల్ కోసం మిట్ట ఎక్కే గూడెం కుర్రవాళ్లకు ఈ సంగతి చెప్పినప్పుడు, పతకం కంటే ఆ తెగిపోవడమే వారికి దగ్గరగా తోచింది.

గూడెంలో పసిపిల్లల బుగ్గ మీద, అరికాలిలో కాటుకతో దిష్టి చుక్క పెడతారు. తూకం వేసే కన్ను ముందుగా ఆ నల్లని మచ్చ మీద పడి ఆగిపోవాలని ఆ ఆచారం. కాట్రెల్ గంతలు కట్టి కనుగొన్న విషయాన్ని, అంటే చూపులో హాని చేసేది ఎదుటివాడి అంచనాయేనన్న సంగతిని, ఆ కాటుక చుక్క పెట్టేవారు తమ పద్ధతిలో ఎప్పుడో గుర్తించారనుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో భద్రాచలం కరకట్ట మీద ఒక యువకుడు తన ఆటను యూట్యూబులో ప్రత్యక్షంగా చూపిస్తూ కనిపించాడు. ప్రత్యర్థులు అదే ప్రసారాన్ని చూసి అతడు దాగిన చోటును కనిపెట్టకుండా, ప్రసారాన్ని కొన్ని నిమిషాలు ఆలస్యంగా పంపుతాడు. కనుక చూసేవారు చూస్తున్నది ఎప్పుడూ గడిచిపోయిన ఆటనే. ఆ సమయంలో చూస్తున్నవారు పదిమంది లోపే. అంకె ఏడు నుంచి నాలుగుకు పడినా, పదకొండుకు ఎగసినా తన గురి తప్పుతోందని అతడు కొద్దికాలం కిందటే గ్రహించాడు. కన్ను బొమ్మ, దాని పక్కన అంకె ఉండే తెర మూల మీద అతని చెల్లెలి నల్ల బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉంది. దానిని తీసి చూపించమని అడిగితే, ఆట అయ్యేదాకా ఆగమన్నాడు.