హీలియము వాకిట పాజిట్రాను

హీలియమను వాయువునకు మన తెలుగునేలతో ఒక సంబంధము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునందును, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్టణమునందును సూర్యజ్వాలల కాంతిని పరిశీలించిరి. అందు కనిపించిన పసుపు గీతయే పిదప హీలియమునకు ఆనవాలైనది. భూమిమీద దానిని 1895లో రామ్సే వేరుచేసెను. పొరుగు భాషలలో చదువుకొను మన పిల్లలకు ఈ కథ ఎవరు చెప్పుదురు? అందుచేతనే దాని తరువాతి కథ నొకదానిని తెలుగున చెప్పబూనితిని.

హీలియము, నియాను, ఆర్గాను మున్నగు జడవాయువులు ఒంటరి పరమాణువులుగానే యుండును. కనుక పరమాణు సిద్ధాంతము నిక్కమో కాదో తేల్చుటకు అవి మిక్కిలి అనుకూలములు. 1932లో ఆండర్సన్ కనుగొనిన పాజిట్రాను అన్నివిధముల ఎలక్ట్రానునకు సాటి. విద్యుదావేశము మాత్రము ధనము. ఈ రెంటిని వేరువేరుగా ఒకే వాయువులోనికి పంపి, ఎన్ని చెదరినవో లెక్కించుటయే ప్రయోగము.

వినుటకు సులభమే! సోడియము-22 నుండి వెలువడు పాజిట్రానులు అతివేగము గలవి. టంగ్‌స్టను రేకుతోనో, గడ్డకట్టిన నియాను పొరతోనో వానిని నెమ్మదింపజేయుదురు. అంతట నూటికొకటి మిగులుటయు దుర్లభము. మిగిలినవానిని వాయువు గల గొట్టమున నడిపి, ఆవలి కొసకు చేరినవానిని లెక్కింతురు. వాయువు లేనప్పటి లెక్కతో దానిని పోల్చిచూతురు.

ఫలితము నన్ను ముగ్ధుని జేసినది. ఎలక్ట్రానును పరమాణువు ఆకర్షించుటయే గాని త్రోయుట తక్కువ. పాజిట్రానును కేంద్రకము త్రోసివేయును. అయినను పరమాణువులోని ఎలక్ట్రానులు దానివైపు ఒరిగి దగ్గరకు లాగును. హీలియములో సుమారు 2 ఎలక్ట్రాను వోల్టుల శక్తియొద్ద ఈ త్రోపును లాగును సరిపడి, పాజిట్రాను దాదాపు అడ్డులేనట్లు సాగిపోవును. తిరస్కారమును ఆదరమును ఒకే గడపలో చూచిన మన పెద్దలకు ఇది వింతగా తోపదు.

శక్తి 17.8 ఎలక్ట్రాను వోల్టులకు చేరగనే కథ మారును. పాజిట్రాను హీలియము నుండి ఒక ఎలక్ట్రానును చేకొని పాజిట్రోనియమను జంట కాగలదు. 1951లో డాయిచ్ గుర్తించిన ఈ జంట క్షణభంగురము. తుదకు గామా కిరణములై నశించును. ఇక శక్తి కొన్ని వందల వోల్టులు దాటెనా, రెండు కణములకును హీలియములో చెదరుట సమానమే. డెట్రాయిటునందలి వేన్ స్టేటు విశ్వవిద్యాలయమువారు దీనిని ఓపికతో కొలిచి చూపిరి.

ఆసుపత్రులలో పెట్ పరీక్ష చేయునపుడు రోగి దేహమున సంచరించునవి ఈ పాజిట్రానులే. అచట అవి ఎంతదూరము పోయి నశించునో గణించుటకు నీటి అణువులతో వాని వ్యవహారము తెలియవలెను. నీరు క్లిష్టమైనది. అందుచే లెక్కను ముందుగా హీలియముపై సరిచూచుకొందురు.