తలుపు దానంతటదే పడిపోతుంది

మా అక్కయ్య కూతురు అక్టోబరులో చదువుకని బెర్లిన్ వెళ్ళింది. ఇక్కడున్నన్నాళ్ళూ లేచిన మంచం మీద దుప్పటి మడతపెట్టి ఎరగదు. అలాంటి పిల్ల అక్కడ ఒక్కతీ ఎలా నెగ్గుకొస్తుందా అని ఇంటిల్లిపాదికీ బెంగ. వాళ్ళమ్మతో మాత్రం ఫోన్‌లో "అంతా బాగుందమ్మా" అంటుంది. అసలు సంగతులన్నీ నాతో చెబుతుంది. పిన్నినైన పాపానికి అవన్నీ నా కడుపులో దాచుకోవాలి!

ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా ఆఫీసుకెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలట. దానికి ఇంటివాళ్ళు రాసిచ్చిన కాగితం ఉండాలి. తీరా వెళ్ళాల్సిన రోజున మా పిల్ల ఆ కాగితం గదిలో మరిచిపోయి వెళ్ళింది. మళ్ళీ ఇంకో రోజు దొరికేదాకా ఎదురుచూపులు.

ఆదివారం కొట్లు మూసేస్తారన్న సంగతి మొదటి ఆదివారం ఆకలేశాక తెలిసింది. రాత్రి పది దాటాక చప్పుడు చెయ్యకూడదన్న సంగతి, పదిన్నరకి మిక్సీలో కొబ్బరిపచ్చడి తిప్పుతుంటే కింది వాటా ఆవిడ వచ్చి తలుపు తట్టాక తెలిసింది. నీళ్ళ సీసా ఖాళీది తిరిగిస్తే 25 సెంట్లు వెనక్కిస్తారట. గదినిండా అవే పోగేసి, "ఇదే నా బాంకు పిన్నీ" అంటుంది.

నవ్వుకుంటూ వింటూనే ఉన్నాను, డిసెంబరులో ఆ ఆదివారం వచ్చేదాకా.

మాకు రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ సాయంత్రం నాలుగు. అప్పుడే చీకటి పడిపోయిందట. చెత్త పారేద్దామని చేతిలో ఫోనుతో, కాళ్ళకి ఇంటి చెప్పులతో కిందికి దిగింది. ఆ తలుపులకి బయటివైపు తిప్పే పిడి ఉండదు. వెనకాల దానంతటదే పడిపోయింది. తాళంచెవి లోపల! ఆదివారంనాడు తాళాలవాణ్ణి పిలిస్తే నెలరోజుల వెచ్చాల డబ్బు వాడి చేతిలో పొయ్యాలి. పక్కగది అమ్మాయి వచ్చేసరికి ఏడవుతుంది.

మెట్లమీద కూర్చుని నాకు ఫోన్ చేసింది. మొదట నవ్వింది. "లోపల హీటరు పక్కన దోసెల పిండి పెట్టాను పిన్నీ, నిన్నట్నించీ. ఈ చలికి ఒక్కసారీ పులిసి చావలేదు" అంది. ఆ మాటమీదే ఏడుపు ముంచుకొచ్చింది. "నావల్ల కాదు పిన్నీ. వచ్చేయనా?"

వచ్చేయమ్మా అనబోయాను. నోటిదాకా వచ్చింది.

నాకు నలభై ఆరేళ్ళు. బి.ఏ. దాకా నాన్నగారిల్లు, ఆ తరవాత అత్తగారిల్లు. నా నవలల్లో కథానాయికలు ధైర్యంగా గదులు అద్దెకు తీసుకుంటారు, ఒంటరిగా కాఫీ కాచుకుంటారు. నేను మాత్రం తాళంచెవి మరిచిపోయిన రోజంటూ లేదు. తలుపు తడితే తియ్యడానికి లోపల ఎప్పుడూ ఎవరో ఒకరుండేవారు. లోపల ఎవరూ లేని ఇంటికి నేను ఒక్కనాడైనా వెళ్ళి ఎరగను. అలాంటిదాన్ని, దానికేం చెప్పను?

"ముందు లోపలికి వెళ్ళు. తరవాత ఆలోచిద్దాం" అన్నాను. ఏడయ్యేదాకా ఫోను పెట్టకుండా దానికి ఊసులు చెబుతూ కూర్చున్నాను. ఇక్కడ అన్నం చల్లారిపోయింది. మావారు వడ్డించుకుని తిని, పడుకున్నారు కూడా.

అర్ధరాత్రి దాటాక ఫోటో పంపింది. గిన్నె అంచులు దాటి నేలమీదికి పొంగిన పిండి. పక్కనే కంచంలో, చిరిగినదైతేనేం, ఒక దోసె. వచ్చే మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

కానీ మర్నాడు మనసాగలేదు. కాకినాడ ఫోన్ చేసి, అక్కయ్యతో ఆ మాటా ఈ మాటా మొదలుపెట్టాను. అక్కయ్య మధ్యలోనే ఆపేసింది.

"ఏమే, నిన్న అది ఏడ్చిందా?"

నాకు నోట మాట రాలేదు.

"రోజూ వీడియోలో నాకు ఒకే గోడ చూపిస్తుందే. శుభ్రంగా ఉంటుంది, కాలెండరు కూడా ఉంటుంది. మిగతా మూడు గోడలూ చూపించట్లేదంటే గది ఎలా ఉందో నాకు తెలీదూ?"

"మరి అడగవేం?"

"అడిగితే ఆ ఒక్క గోడా చూపించడం మానేస్తుంది."

అదండీ సంగతి. ఇది చదివినవాళ్ళెవరైనా బెర్లిన్‌లో మా పిల్ల కనిపిస్తే, వాళ్ళమ్మకి అన్నీ తెలుసని మాత్రం చెప్పకండేం!